పెనుకొండ మీద ఆగిన చలి

ఆ రోజుల్లో జేబులో స్మార్ట్‌ఫోను ఉంటే ఆకాశం కూడా మనదే అనిపించేది. నాకైతే మరీను. డిగ్రీ అయిపోయి పెనుకొండలో ఒక ప్రైవేటు బడిలో సోషలు సారుగా చేరాను. పక్క పల్లెలో మా మామ ఇంట్లో ఉండేవాణ్ణి. కూడబెట్టుకున్న జీతంతో హిందూపురంలో ఫోను కొని ఇంటికి తెచ్చేసరికి, అవ్వ (మామకూ మా అమ్మకూ కన్నతల్లి) దాన్ని దేవుడి పటం ముందు పెట్టి, అద్దం మీద ఏటవాలుగా విభూతి పూసి, "సల్లగుండాల నాయనా, నువ్వూ నీ ఫోనూ" అని దీవించింది. నేను చొక్కా అంచుతో తుడిచేసి, అంగడాయన ఊరికే ఇచ్చిన గాజు గార్డును నా చేత్తోనే దాని మీద అంటించాను. చదువుకున్నవాడికి ఆ మాత్రం రాదా అని ధీమా.

అప్పుడే పిల్లలకు వాతావరణం పాఠం మొదలుపెట్టాను. చల్లగాలి వేడిగాలిని తోసుకుంటూ వచ్చే సరిహద్దును కోల్డ్ ఫ్రంట్ అంటారని పుస్తకంలో ఉంది. ఆ ఉత్సాహంలో ఉపగ్రహం తీసిన మబ్బుల చిత్రం ఫోనులో తెరిచాను. చిత్రమంతా నలుపు, మబ్బులు తెలుపు. చూడగానే ఒళ్లు ఝల్లుమంది. హిందూపురం నుంచి పెనుకొండ మీదుగా ధర్మవరం దాకా తెల్లటి పట్టీ పడుకుని ఉంది! అలాంటివి ఉత్తరాదిలోనే ఆగిపోతాయని పుస్తకం అంటుంది. పుస్తకం రాసినాయన మా వైపు చూసి ఉండడని తేల్చుకున్నాను. గంటగంటకూ చూశాను. మిగతా మబ్బులన్నీ కదులుతున్నా అది కదల్లేదు, అంటే బలపడుతోందన్నమాట. వేళ్లతో చిత్రాన్ని పెద్దది చేస్తే హిందూపురాన్నీ ధర్మవరాన్నీ వదిలేసి పెనుకొండ మీద మాత్రమే నిలిచింది. ఇంకా పెద్దది చేస్తే సరిగ్గా మా మామ మల్బరీ తోట మీదికి వచ్చింది. (ప్రపంచంలో ఏ చలీ ఒక రైతును అంత గురిచూసుకుని వచ్చి ఉండదు.)

భయం పట్టుకుంది. ఎందుకంటే మామ షెడ్డులో పట్టుపురుగులు అప్పుడే నాలుగో జ్వరం లేచి ఉన్నాయి. పురుగు తిండి మాని పొర విడిచే దశను మా వైపు జ్వరం అంటారు. నాలుగోది లేచిందంటే ఇక ఆకు తినీ తినీ గూడు కట్టడమే. ముందటి పంట రోగమొచ్చి పారబోశారు. ఇదీ పోతే మల్బరీ చెట్లు పెరికేసి, బెంగుళూరులో కూలికి పోదామని మామా అత్తా మాట్లాడుకోవడం నా చెవిన పడింది.

"మామా, కోల్డ్ ఫ్రంట్ వస్తాండాది" అన్నాను ఆయాసపడుతూ.

"యా పార్టీవాళ్లప్పా?" అన్నాడు మామ.

పార్టీ కాదు చలి అని విడమరిచి చెప్పాను. శివరాత్రి వెళ్లి ఎండలు ముదురుతున్న రోజులు. మామ భుజం మీది టవలుతో చెమట తుడుచుకుంటూ తన ఫోనులో అదే చిత్రం పెట్టించాడు. అందులో పెనుకొండ మీద ఏమీ లేదు.

"నా దాంట్లో లేదే అల్లుడా?"

"నీ నెట్‌వర్కు స్లో మామా. ఫ్రంట్ ఇంకా నీ ఫోనుకి రాలేదు."

సారు చెప్పాడు కాబట్టి మామ నమ్మేశాడు. అంతకంటే ఘోరం, నేనూ నమ్మాను. ధర్మవరంలో మగ్గం నేసే చిన్నమ్మకు ఫోను చేసి చలిగా ఉందా అని అడిగితే, "ఫ్యాను ఐదులో పెట్టినా ఉడికిపోతాండామురా, నీకేమన్నా జొరమా?" అంది. అంటే ఫ్రంట్ ఇంకా పైనే ఉంది, కిందికి దిగలేదు అని వివరించాను.

షెడ్డు కిటికీలకు గోనెసంచులు కుట్టారు. నాలుగు మూలలా కుంపట్లు పెట్టారు. మామ మంకీ క్యాపు పెట్టుకుని లోపల కూర్చుంటే, ఆయన కూడా త్వరలో గూడు కట్టేలా కనిపించాడు. మర్నాడు మధ్యాహ్నానికి పురుగులు ఆకు ముట్టడం మానేసి, తలలెత్తి తట్టల అంచులకు పాకసాగాయి. అత్త వేసిన ఆకు వేసినట్టే ఉంది. "సలి తగిల్నట్లుండాది, ఇంకో కుంపటి తెద్దునా?" అని కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

ఫ్రంట్ ఎంత దిగిందో చూద్దామని బయటికొచ్చి ఫోను తీశాను. చెమట చేతికి ఏది తగిలిందో, కెమెరా తెరుచుకుంది. ఎదురుగా గుంజకు కట్టేసిన ఎనుము, మా పాలగేదె. నా వెనకే వచ్చిన అత్త తొంగిచూసి, "ఏమబ్బా, మన ఎనుముకు వీపు మీద తెల్లమచ్చ ఎప్పుడొచ్చె?" అంది.

ఎనుమును చూశాను. కాటుకలా ఉంది. ఫోనులో చూశాను. దాని వీపు మీద, హిందూపురం నుంచి ధర్మవరం దాకా, నా కోల్డ్ ఫ్రంట్. ఎనుము నాలుగడుగులు పక్కకు జరిగింది. ఫ్రంట్ జరగలేదు. గోటితో గార్డు పెరికితే వేలికి విభూతి అంటింది.

నా వేలి మీది విభూతి చూసి మామ మంకీ క్యాపు పీకి విసిరేశాడు. "పురుగులు ఉడికిపోతాండాయి, సంచులు పెరకండి!" అని పల్లె అదిరేలా అరిచాడు. అందరం కుంపట్లు మోసి బయట పడేశాం, కిటికీలు తెరిచాం. తెల్లారి షెడ్డులోంచి సన్నవానలాంటి చప్పుడు వినబడింది. పురుగులు ఆకు తింటున్నాయి. అత్త అక్కడే కూలబడి నవ్వుతూ ఏడ్చింది. అవ్వ నా వైపు తిరిగి, "సల్లగుండమంటి గానీ, సలిని రమ్మంటినా?" అంది.

గూళ్లు కొంచెం పలచబడ్డాయి గానీ హిందూపురం మార్కెట్టులో అమ్ముడుపోయాయి. మామ బెంగుళూరు మాట మళ్లీ ఎత్తలేదు. నన్ను మాత్రం చాలా ఏళ్లు "మా అల్లుడు, వాతావరణం ఆఫీసరు" అని అందరికీ పరిచయం చేశాడు.

అవ్వ పోయాక ఎన్ని ఫోన్లు మార్చానో. ఎవరూ వాటికి విభూతి పూయలేదు. ఇప్పుడు నా ఫోనులో ఆకాశం శుభ్రంగా ఉంటుంది. అప్పుడప్పుడు ఆ నల్లటి చిత్రం తెరిచి, అంత గొప్ప సారును తలుచుకుని నవ్వుకుంటూ, పెనుకొండ మీద వేలితో ఒకసారి రుద్ది చూస్తాను. వేలికేమీ అంటదు. ఊరే కొంచెం పక్కకు జరుగుతుంది.