మామయ్య ఎక్కని కుర్చీ లేదు

మా ఆఫీసు మామయ్యకి ఒకటే జబ్బు. ఎవరి కుర్చీ కనిపిస్తే అందులో కూర్చోవాలి. నిజానికి ఆయన మాలో ఎవరికీ మేనమామ కాదు. పాతికేళ్ళుగా అందరి విషయాల్లోనూ తలదూర్చి అందరికీ మామయ్య అయిపోయాడు.

వాషింగ్ మెషీన్లు మొరాయిస్తే జనం ఫోన్ చేసి తిట్టే చోటు మాది. మామయ్య మా సూపర్‌వైజరు. ఎవరితో పేచీ వచ్చినా, "లే, ఒక్కసారి కూర్చోనీ," అనేవాడు. ఓసారి బస్సు డ్రైవరు టీ తాగడానికి దిగితే ఆ సీటెక్కి కూర్చున్నాడు. బస్సెడు జనం లబలబలాడారు. మామయ్య మాత్రం తాపీగా దిగి, "అద్దం వంకరగా ఉందయ్యా, మెడ తిప్పలేక చస్తున్నట్టున్నావ్," అన్నాడు డ్రైవరుతో.

ఇంకోసారి మేనేజరు గదిలోకి వచ్చేసరికి ఆయన కుర్చీలో మామయ్య!

"ఏమిటండీ ఇది?"

"మీ తప్పేం లేదు సార్. ఇక్కణ్ణుంచి చూస్తే మేమంతా నిద్రపోతున్నట్టే ఉన్నాం."

"నిద్రే పోతున్నారు!"

అలాంటి రోజుల్లో, ఫోన్‌కి తనే జవాబు చెప్పే కంప్యూటరొకటి మా ఆఫీసుకి వచ్చింది. అది రెండు నిమిషాల్లో ఫిర్యాదు తేల్చేసేది. నాకు ఇరవై పట్టేది. నన్ను ఇంటికి పంపేయమని కాగితం తయారైంది. మామయ్య సంతకం ఒక్కటే తక్కువ.

మామయ్య ఆ కాగితం జేబులో పెట్టుకుని నా దగ్గరికొచ్చాడు. "లే అమ్మాయ్."

"ఇప్పుడు కూడానా మామయ్యా!" నాకు ఏడుపొక్కటే తక్కువ.

కూర్చున్నాడు. "ఊగుతోందే ఇది," అన్నాడు. సాయంత్రం దాకా నేను పక్కన నిలబడి చెబుతుంటే, అచ్చం నాలాగే ఫోన్లు మాట్లాడాడు.

"గడగడా అమ్మా, టకటకా? ఏదీ, ఓసారి చేసి చూపించండి. టకటకైతే లోపల చొక్కా బొత్తాం ఊడిపడుంటుంది. గడగడైతే నేల ఎత్తుపల్లాలుగా ఉందన్నమాట. మెషీను కాలి కింద అట్టముక్క పెట్టండి."

చప్పుళ్ళు చేసి చేసి ఆయన గొంతు బొంగురుపోయింది. ఆ గొంతుతోనే మర్నాడు మేనేజరుకి చెప్పాడు. "కంప్యూటరుతో మాట్లాడినవాళ్ళు నాలుగేసి సార్లు చేస్తున్నారు సార్. ఈ పిల్లతో మాట్లాడినవాళ్ళు మళ్ళీ చెయ్యట్లేదు."

మేనేజరు నమ్మలేదు. అప్పుడు మామయ్య ఆయన్ని నా దగ్గరికి తీసుకొచ్చి, జీవితంలో మొదటిసారి, కుర్చీ ఇంకొకరి వైపు జరిపి, "మీరు కూర్చోండి సార్," అన్నాడు.

ఫోన్ మోగింది. అవతల ఒక ముసలావిడ. ఆవిడ చెయ్యడం అది ఐదోసారి.

"మీ కంప్యూటరు మనిషిని పంపుతాం, మనిషిని పంపుతాం అంటుందే గానీ, మా మెషీను ఎలా మోగుతోందో ఒక్కళ్ళూ అడగరేం నాయనా?"

మేనేజరు నాకేసి చూశాడు. తర్వాత ఎవరికీ వినపడకూడదన్నట్టు గొంతు తగ్గించి, "గడగడా అండీ... టకటకా?" అన్నాడు.

ఆయన వెళ్ళాక మామయ్య జేబులోంచి సంతకం పెట్టని కాగితం తీశాడు. ఎనిమిది మడతలు పెట్టి, వంగి, నా కుర్చీ కాలి కింద దోపాడు.

"నీదీ గడగడే అమ్మాయ్," అన్నాడు.

ఆ కాగితం ఇప్పటికీ అక్కడే ఉంది. మామయ్య మాత్రం వారానికోసారి వచ్చి, "ఊగుతోందేమో, లే, చూడనీ," అంటూనే ఉన్నాడు.