జెండా పండగనాటి పురుడు

నా చిన్నప్పుడు, మనకి స్వాతంత్ర్యం వచ్చిన ఏడు, గుణుపురం దగ్గర మా ఊళ్ళో నాకంటే గొప్పవాళ్ళు ఇంకెవరూ లేరని నా నమ్మకం. కారణం ఉంది మరి. పదిహేనో తేదీన బడిలో ఎగరేసే జెండా మడతలో పూలు పోసే పని బడి పంతులుగారు నాకే అప్పగించారు. ఆ రోజు మన దేశం కొత్తగా పుడుతుందని ఆయన చెప్పినప్పటినుంచీ నా కాలు నేల మీద నిలవలేదు. నందివర్ధనాలు ఎవరి పెరట్లో ఎక్కువున్నాయో చూసుకోవడం, కనిపించినవాళ్ళందరికీ నా ఘనత చెప్పుకోవడం, అదే పని.

తీరా ముందురోజు మధ్యాహ్నం మా అమ్మకి నొప్పులొచ్చి చెల్లెలు పుట్టింది. ఇల్లంతా సంబరమే గానీ నా గుండెల్లో రాయి పడింది. పురుడొచ్చిన ఇంటివాళ్ళు పదో రోజు దాకా గుడికి వెళ్ళకూడదు, దేవుడి పూలు ముట్టకూడదు. శ్రీకాకుళం పల్లెలనుంచి వలసొచ్చినప్పుడు మావాళ్ళు విత్తనాలతోపాటు మూటగట్టుకొచ్చిన ఆచారం అది. పురిటింటి చెయ్యి జెండాకి తగలకూడదని ఊరిపెద్ద తేల్చేశాడు. పంతులుగారు నసిగి ఊరుకున్నారు. నేను చెల్లెల్ని చూడనుగాక చూడనని మొండికేసి, జల్లు కొడుతున్నా అరుగు మీదే కూర్చుని ఏడ్చాను.

తెల్లారేసరికి మా నాయనమ్మ నాకు తలకి పోసి, ఉతికిన పరికిణీ కట్టి, "నడు అమ్మీ" అంటూ చెయ్యి పట్టుకుని బడికి లాక్కెళ్ళింది. అప్పటికే జనం మూగి ఉన్నారు. ఊరిపెద్ద గుమ్మంలోనే అడ్డుపడ్డాడు. నాయనమ్మ జంకలేదు.

"ఈయేల దేశం పుడతాదని పంతులుబాబు సెప్పేరు కదా! బిడ్డ పుడితే ఇంటిల్లిపాదికీ పురుడు కాదేటి? మరి దేశం పుడితే ఊరందరికీ పురుడే. నీకూ పురుడే బాబూ! ఇంక ఎవులికి ఎవులు అంటుతారు?"

పంతులుగారే ముందు ఫక్కున నవ్వారు. ఊరిపెద్ద మీసం కొరుక్కుని, చివరికి తనూ నవ్వేసి పక్కకి తప్పుకున్నాడు. దోసిళ్ళతో పూలు పోశాను. తాడు లాగగానే అవన్నీ నా నెత్తిమీదే రాలాయి. ఎంత సంతోషమో! జై కొట్టి కొట్టి గొంతు పోయింది. అదే ఊపులో ఇంటికి పరిగెత్తి, చెల్లెలి ముఖం అప్పుడు చూశాను.

ఆ చెల్లెలికి ఇప్పుడు దేశమంత వయసు. మా నాయనమ్మ ఆచారాన్ని ఒక్క మాటా అనకుండానే ఊరందరినీ అందులోకి లాగేసింది. ఆమెకున్న నోరు నాకు లేదు. అయినా పెళ్ళిలోనో పేరంటంలోనో, నువ్వు ముట్టకూడదంటూ ఎవరినైనా దూరంగా నిలబెడితే, నేనూ వెళ్ళి వాళ్ళ పక్కనే నిలబడతాను. కాసేపటికి ఎవరో ఒకరు వచ్చి ఇద్దరినీ లోపలికి రమ్మంటారు.