చెయ్యి పెట్టేదామ్మా?

నాగేశ్వరికి నడుం నొప్పి టైపు మిషను దగ్గర మొదలై కంప్యూటరు దగ్గర ముదిరింది. తణుకు పక్క పల్లె నుంచి పెళ్లయి హైదరాబాదు వచ్చి, పరీక్ష రాసి, ప్రభుత్వ ఆఫీసులో టైపిస్టుగా చేరిన మనిషి ఆవిడ. మదీనాగూడలో స్థలం కొనుక్కుని రెండు గదులు వేసుకున్నప్పుడు చుట్టూ ముళ్లకంపలూ బండరాళ్లే. ఇప్పుడు మాదాపూర్ వైపు అద్దాల మేడ లేచింది. హైవే మీద లారీల మధ్య కంపెనీ బస్సులు తిరుగుతున్నాయి. ఆవిడ ఆఫీసులో కూడా టైపు మిషన్లు తీసేసి కంప్యూటర్లు పెట్టారు. కుర్చీ మాత్రం మార్చలేదు.

మందులతో తగ్గేది కాదని డాక్టరు తేల్చేశాక, ఎదురింటి జయమ్మ ఆవిడను హఫీజ్‌పేట్ స్టేషను దగ్గరున్న కమ్యూనిటీ హాలుకు వెంటబెట్టుకుపోయింది. జయమ్మది ఆ చుట్టుపక్కల ఊరే. కాలనీలు రాకముందు అక్కడ వాళ్లకు జొన్నచేలుండేవి.

"తిమ్మప్ప సారు యోగా చెప్తడు. నా మోకాళ్లు జూడు, ఎంత మంచిగైనయో," అంది దారిలో.

తిమ్మప్ప కదిరి వైపు నుంచి వచ్చినవాడు. యాభై దాటినా నిటారుగా ఉండేవాడు. ఎక్కువ మాట్లాడడు. ఆసనం ఒకసారి తను వేసి చూపించి, తర్వాత వరసల మధ్య నడుస్తూ, తప్పుగా వేసినవాళ్లను చేత్తో సరిచేస్తూ పోతాడు. ఒకరి భుజం కిందికి నొక్కుతాడు, ఒకరి మోచెయ్యి తిప్పుతాడు. అందరూ అలాగే నేర్చుకుంటున్నారు.

ఓ ఉదయం నాగేశ్వరి కాళ్లు చాపుకుని ముందుకు వంగి ఉంది. వేళ్లు పాదాలకు అందడం లేదు. వెనక నుంచి రెండు అరచేతులు ఆవిడ వీపు మీద పడ్డాయి. మెల్లగా, బరువుగా కిందికి నొక్కాయి. వేళ్లు పాదాలకు అందాయి. చేతులు తీసేసి తిమ్మప్ప పక్కావిడ దగ్గరకు వెళ్లిపోయాడు.

జరిగింది అంతే. కానీ నాగేశ్వరికి ఊపిరి ఆగిపోయింది. ఒళ్లంతా కర్రలా బిగుసుకుంది. తక్కిన ఆసనాలు ఏం వేసిందో, ఎలా వేసిందో ఆవిడకే తెలియదు.

విచిత్రమేమంటే ఆ రోజు ఆఫీసులో నడుం నొప్పి తెలియనే లేదు.

సాయంత్రం బస్సులో నిలబడి ఆవిడ ఆ చేతుల గురించే ఆలోచించింది. బస్సులో మోచేతులు తగిలించే మగవాళ్ల సంగతి ఆవిడకు బాగా తెలుసు. వాళ్ల కోసం పైటకు పిన్నీసు పెట్టుకుని తిరుగుతుంది. అక్కడ అనుమానం లేదు. తిమ్మప్ప అలాంటివాడు కాడు, ఆ చేతుల్లో ఏ చెడ్డా లేదు. గాజులవాడు చెయ్యి పట్టుకుని వేళ్లన్నీ నలిపి గాజులు ఎక్కించడా? డాక్టరు వెన్నుపూసలు నొక్కి చూడలేదా? అప్పుడెప్పుడూ ఏమీ అనిపించలేదే. మరి దీనికెందుకు ఇంత?

మర్నాటి నుంచి ఆవిడ గోడవారగా కూర్చోవడం మొదలుపెట్టింది. కళ్లు మూసుకోమన్నప్పుడు కూడా చెవులు అడుగుల చప్పుడు మీదే. ఆ అడుగులు దగ్గరకొస్తుంటే వీపు దానంతటదే బిగిసిపోయేది. అలా బిగిసింది కనకే ఆయన సరిచేయడానికి వచ్చేవాడు.

ఉండబట్టలేక జయమ్మను అడిగింది.

"మాస్టారు అలా చేతులేసి నొక్కుతారు కదండీ, మీకేం అనిపించదా?"

"ఏమనిపిస్తది? నాకైతే మంచిగనే ఉంటది. ఏంది, నీకేమన్న గలీజుగ అనిపిచ్చిందా?"

"అబ్బే, అదేం లేదండీ."

"మరి ఇగ పరేషానేంది?"

నాగేశ్వరి మాట మార్చేసింది.

ఆదివారం పొద్దున కాఫీ ఇస్తూ భర్త సుబ్రహ్మణ్యానికి చెప్పింది. ఆయన పేపరు పక్కన పడేశాడు.

"ఎక్కడ ముట్టుకున్నాడు? ఏం చేశాడు?"

"ఏం చెయ్యలేదండీ. వీపు మీద చేతులేసి వంచాడు. అందరికీ అలానే చేస్తాడు."

"పద, వాడి సంగతేమిటో ఇప్పుడే అడుగుతాను." అప్పటికే చెప్పుల్లో కాళ్లు పెట్టేశాడు.

నాగేశ్వరి గుమ్మానికి అడ్డం నిలబడింది. "ఆయన మంచాయనండీ! మీరు వెళ్లి గొడవ పెడితే నేను ఆ హాలు మొహం చూడలేను."

"మంచాడైతే నీకేమిటి బాధ? వాడు తప్పు చేశాడంటావా, లేదంటావా?"

"లేదండీ."

"అయితే ఏమీ జరగనట్టే కదా!"

ఏమీ జరగనట్టు కాదు. అలాగని ఏదో జరిగినట్టూ కాదు. ఈ రెండింటికీ మధ్య ఉన్నదాన్ని ఏమంటారో ఆవిడకు తెలియలేదు. చివరికి ఆయనే, ఎందుకొచ్చిన గొడవ, మానెయ్యి అన్నాడు. మానేసింది.

నొప్పి మళ్లీ వచ్చింది. ఈసారి ఎడమ కాలిదాకా పాకింది. అంతకంటే చిత్రం, పొద్దున్నే ఆ హాల్లో పడే ఎండ, అంతమంది కలిసి వదిలే ఊపిరి, అదంతా లేకపోతే ఆవిడకు రోజు మొదలైనట్టే ఉండేది కాదు. నెల తిరక్కుండానే మళ్లీ వెళ్లింది. ఎవరూ రాకముందే వెళ్లి, చాపలు పరుస్తున్న తిమ్మప్ప ఎదుట నిలబడింది.

"మాస్టారూ, ఒక మాట. ఏమీ అనుకోకండి. నన్ను... ముట్టుకోకుండా చెప్పండి."

ఆయన చేతిలో చాప అలాగే ఉండిపోయింది. మొహంలో రంగు మారింది.

"నేనేమన్నా తప్పు జేసినానామ్మా?"

"లేదండీ."

"నాకు కూతుర్లుండారు. ఆ బుద్ధితో ఏనాడూ..."

"నాకు తెలుసండీ. అందుకు కాదు."

"మరెందుకమ్మా?"

"నాకూ తెలియడం లేదండీ."

తిమ్మప్ప ఆ చాప పరిచి, అంచులు సర్దాడు. "మా గురువు నా ఈపు మీద కాలు పెట్టి తొక్కేటోడు. అట్లనే నేర్చుకుంటిమి. నన్నెవురడిగినారు? సరేలేమ్మా, ముట్టను," అన్నాడు.

అన్నట్టే ముట్టలేదు. ముట్టకపోవడమే కాదు, ఆవిడ వైపు రావడమే మానేశాడు. పక్కావిడ దాకా వచ్చి, నాగేశ్వరి చాపను దాటుకుని అవతలికి వెళ్లిపోయేవాడు. ఆసనం తప్పుతోందని ఆవిడకే తెలుస్తున్నా, ఆయన నోరు విప్పడు. తిరిగి చూసినవాళ్లు గుసగుసలాడారు. అప్పుడు ముట్టుకున్నందుకు బాధపడిన మనిషి ఇప్పుడు వెలేసినట్టయి బాధపడింది. నాకు అసలేం కావాలి అని తనమీద తనకే విసుగొచ్చింది.

మళ్లీ ఆయన దగ్గరకే వెళ్లింది. "మాస్టారూ, తప్పయితే నోటితో చెప్పండి. చెయ్యి పెట్టాల్సి వస్తే అడిగి పెట్టండి."

"నోటితో చెప్పేది నాకు సరిగా రాదమ్మా," అన్నాడు తిమ్మప్ప. ఆ గొంతులో కోపం లేదు, బెంగ ఉంది. "చూస్తాలే."

మర్నాడు ముందుకు వంగినప్పుడు అడుగులు ఆవిడ చాప దగ్గర ఆగాయి.

"నడుము ఇంకొంచెం వంచల్లమ్మా. చెయ్యి పెట్టేదా?"

నాగేశ్వరి తలవంచుకుని తన మోకాళ్లు చూసుకుంది. సరే అనాలా, వద్దనాలా? కాపరానికొచ్చాక తన ఒంటి మీద చెయ్యి వేసేముందు ఎవరైనా తనను అడగడం ఆవిడకు గుర్తులేదు. జవాబు ఎక్కడ వెతకాలో కూడా తెలియలేదు.

"ఈ రోజుకి వద్దండీ," అంది.

"మంచిదమ్మా." ఆయన ముందుకు సాగాడు.

రెండు రోజుల తర్వాత అడిగినప్పుడు నోటివెంట "సరేనండీ" అని వచ్చింది. అవే అరచేతులు, అదే బరువు. ఈసారి ఊపిరి ఆగలేదు. ఆ తర్వాతి వారం మళ్లీ వద్దంది. ఎందుకో చెప్పలేదు.

ఒక్కావిడను అడిగి తక్కినవాళ్లను అడగకపోవడం బాగుండదనుకున్నాడో ఏమో, తిమ్మప్ప అందరినీ అడగడం మొదలుపెట్టాడు. ఓ రోజు జయమ్మ దగ్గర ఆగాడు.

"జయమ్మా, భుజం కిందికి దించల్ల. చెయ్యి పెట్టేదా?"

ఇన్నాళ్లూ నవ్వుతూ ఆ చేతుల కింద ఒదిగిన జయమ్మ తన భుజం వైపు చూసుకుంది. మెల్లగా, "వద్దు సారూ," అంది.

తిరిగి వస్తూ ఇద్దరూ హైవే దాటడానికి, లారీలు పోయేదాకా ఆగారు.

"మంచిగనే ఉంటదన్నారు కదండీ?" అడిగింది నాగేశ్వరి.

"మంచిగనే ఉండె."

"మరి వద్దన్నారే?"

"ఏమో. అడిగిండు గద, అడిగేసరికి వద్దనిపిచ్చింది." జయమ్మ కొంగుతో దుమ్ము తుడుచుకుంది. "సారు మీద నాకేం కోపం లేదు. ఎందుకన్ననో నాకే సమజైతలేదు. రేపు మల్ల సరే అంటనేమో."

"నాకూ అంతేనండీ. పొద్దున్న లేచేదాకా ఏమంటానో తెలీదు."

"ఇద్దరం పిచ్చోళ్లమైనట్టున్నం," అని జయమ్మ నవ్వింది. నాగేశ్వరికీ నవ్వొచ్చింది. రోడ్డు ఖాళీ అయింది. జయమ్మ అలవాటుగా ఆవిడ చెయ్యి పట్టుకోబోయి, సగంలో ఆగి మొహంలోకి చూసింది. నాగేశ్వరి తనే ఆ చెయ్యి అందుకుని రోడ్డు దాటింది.