బావకి ఒక మెట్టు కింద

మా మామయ్యని మేం పనిచేసే వినోదాల పార్కులో అందరూ రేడియో అనేవాళ్లు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దున గేటు దగ్గర వాచ్‌మన్ తుమ్మితే, మధ్యాహ్నానికల్లా జారుడుబల్లల దగ్గర పనిచేసేవాళ్లు వచ్చి "జలుబు తగ్గిందా?" అని అడిగేవాళ్లు. అంతా మామయ్య చలవే.

మామయ్య అంటే అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు. అమ్మానాన్నల పెళ్లయ్యేనాటికి ఆయనకి పద్దెనిమిదేళ్లు. టైలరు దగ్గర చేరి రెండు నెలల్లో మానేశాడు. ప్రెస్సులో చేరి నెలకే గొడవపడి వచ్చేశాడు. "వీడికి చేతులున్నాయి గానీ కుదురు లేదు" అని నాన్న తనతో పాటు వడ్రంగం పనికి తీసుకెళ్లాడు. మొదటి ఆర్నెల్లూ ఉలి ముట్టుకోనివ్వలేదట. రంపపు పొట్టు ఊడ్పించి, గుప్పెట్లోకి తీసుకుని వాసన చూడమని, అది ఏ చెక్కో చెప్పమనేవాడట. ఆ తర్వాత ఇరవై ఆరేళ్లు ఇద్దరూ ఒకే చోట పని, ఒకే డబ్బాలో భోజనం. మామయ్య పెళ్లి చేసుకోలేదు. మా పక్క వీధిలో ఒక గది తీసుకున్నాడు గానీ అక్కడికి వెళ్లేది పడుకోవడానికే.

పార్కు ఒక కుటుంబానిది. తిరుగుడు గుర్రాల విరిగిన చెవులూ, పడవ ఊయల బల్లలూ, నేను కూర్చునే టికెట్ల గది కిటికీలూ, అన్నీ వీళ్లిద్దరే బాగుచేసేవాళ్లు. ఒక ఏడాది ఓనరమ్మకి పెద్ద ఆలోచన వచ్చింది. "ఇనుప రోలర్ కోస్టర్లు ఎక్కడైనా ఉంటాయి. మనం చెక్కతో కడదాం" అంది. బయటినుంచి ఇంజనీరు వచ్చాడు, ముప్పై మంది వడ్రంగులు వచ్చారు. వాళ్లందరి మీదా హెడ్ మేస్త్రి మా నాన్న.

ఆరోజు నాన్న నక్షా ఇంటికి తెచ్చి మంచం మీద పరిచాడు. "చూడవే, ఇంత పెద్ద కట్టడంలో ఒక్క పట్టా కూడా తిన్నగా ఉండదు" అని అమ్మకి వేలితో మలుపులన్నీ చూపించాడు. యాభై ఒకటో ఏట ఆయన ముఖంలో అంత సంబరం నేనెప్పుడూ చూడలేదు.

సిమెంటు దిమ్మెల మీద చెక్క కాళ్లు లేచాయి. కాళ్ల మధ్య అడ్డకర్రలు, వాటిమీద జనం కూర్చునే పెట్టెలు పరిగెత్తే పట్టా. పట్టా అంటే ఒకదానిమీద ఒకటి ఎనిమిది పలకలు. ఒక్కో పలకనీ మలుపుకి తగ్గట్టు వంచి మేకులు కొట్టాలి, పైన ఇనుప పట్టీ బిగించాలి. పెద్ద దిగుడు మొదలయ్యే చోటు పది అంతస్తుల ఎత్తు. అక్కడ నాన్న అడుగు వెడల్పు పలక మీద, వీధిలో నడిచినట్టు నడిచేవాడు.

ఒక పొద్దున మొదటి మలుపు దగ్గర నాన్న ఉన్నట్టుండి దూలం మీద కూలబడి, స్తంభాన్ని రెండు చేతులా వాటేసుకున్నాడు. పక్కన మామయ్య ఒక్కడే ఉన్నాడు.

"ఏమైంది బావా?"

"ఏం లేదు. కాస్త ఆగు."

ఆగాక చెప్పాడు. రెండు నెలలుగా చెవిలో హోరుమంటోందట, అప్పుడప్పుడు లోకమంతా గిర్రున తిరుగుతోందట. "మీ అక్కకి చెప్పకు. ఎవరికీ చెప్పకు. పైన పెద్ద దిగుడు పూర్తి కానీ, నేనే దిగిపోతాను. ఒట్టు వెయ్యి" అన్నాడు. మామయ్య ఒట్టు వేశాడు.

నమ్ముతారో లేదో, రేడియో మూగబోయింది. ఇరవై రోజులు. ఆ ఇరవై రోజులూ నిచ్చెన ఎక్కేటప్పుడు నాన్నకి సరిగ్గా ఒక మెట్టు కిందే ఎక్కేవాడు. నాన్న నడుం బెల్టు తాడు కొక్కెం తనే తగిలించి, తనే లాగి చూసేవాడు. "పెళ్లికొడుకు వెనక తోడు పెళ్లికొడుకు" అని తోటివాళ్లు నవ్వేవాళ్లు. మామయ్య నవ్వేవాడు కాదు. మా ఇంట్లో అన్నం కెలికి లేచిపోయేవాడు. "ఒంట్లో బాగాలేదా?" అని అమ్మ అడిగితే "పని ఎక్కువైందక్కా" అనేవాడు.

ఇరవై ఒకటో రోజు నాన్న ఒక చోటినుంచి ఇంకో చోటికి మారుతూ కొక్కెం విప్పి, పలక లేని చోట అడుగేశాడు. మామయ్య బెల్టు పట్టుకుని వెనక్కి గుంజాడు. ఇద్దరూ పలకల మీద వెల్లకిలా పడ్డారు. నాన్న లేచి ప్యాంటు దులుపుకుని "బతికించావురా బామ్మర్దీ" అని నవ్వి, మళ్లీ సుత్తి అందుకున్నాడు.

మామయ్య కిందికి దిగి నేరుగా ఇంజనీరు గదికి వెళ్లాడు.

సాయంత్రం ఇంజనీరు అందరి ముందూ నాన్నని పిలిచాడు. డాక్టరు రాసిచ్చేదాకా ఎత్తు ఎక్కకూడదని, పైకి వెళ్లేవాళ్లకిచ్చే కార్డు తీసేసుకున్నాడు. కింద చెక్కల యార్డులో కూర్చుని పలకలకి గుర్తులు పెట్టే పని ఇచ్చాడు. నాన్న ఇంటికొచ్చి, చెప్పులు విప్పి, అమ్మతో ఒకే మాటన్నాడు.

"నీ తమ్ముడు నా కాళ్లు తీసేశాడు."

దానికి తోడు హెడ్ మేస్త్రి పని మామయ్యకే ఇచ్చారు. ఆయన వద్దన్నాడు. "నువ్వు కాదంటే బయటినుంచి ఎవరినో తెస్తాను" అన్నాడు ఇంజనీరు. బావ బిగించిన అతుకుల మీద ముక్కూ మొహం తెలియనివాడు చెయ్యి వేస్తాడనుకుంటే మామయ్యకి మనసొప్పలేదు. సరేనన్నాడు. ఈ సంగతి మాకెవరికీ తెలియదు. మాకు తెలిసిందల్లా, నాన్న దిగిన చోట మామయ్య ఎక్కాడని.

నాన్న మామయ్యతో మాట్లాడటం మానేశాడు. కింద ఈయన పలకకి గుర్తు పెట్టేవాడు, పైన ఆయన మేకు కొట్టేవాడు. నాన్న ఏదన్నా చెప్పాలంటే "ఆ మేస్త్రిగారికి చెప్పండి" అని వేరేవాళ్లతో చెప్పించేవాడు. ఆదివారాలు మామయ్య మా గుమ్మం దాకా వచ్చి నిలబడేవాడు. నాన్న గోడవైపు తిరిగి పడుకునేవాడు. అమ్మ మంచినీళ్లు ఇచ్చేది. తాగి, గ్లాసు గడప మీద పెట్టి వెళ్లిపోయేవాడు. మొగుణ్ణి కాదనలేక, తమ్ముణ్ణి రమ్మనలేక అమ్మ నలిగిపోయింది.

నేనైతే నలగలేదు. ఒకరోజు టికెట్ల గది కిటికీ దగ్గరికి వచ్చి "కోడలుపిల్లా, నాన్న మందులు వేసుకుంటున్నాడా?" అని అడిగితే, "మేస్త్రి పదవి దక్కిందిగా, ఇంకా నాన్నతో ఏం పని మామయ్యా?" అన్నాను. వెనక వరసలో జనం నిలబడి ఉన్నారు. ఆయన పక్కకి తప్పుకుని వెళ్లిపోయాడు. అప్పటికి నాకు ఇరవై ఏళ్లు. తెలియని వయసని చెప్పుకోవడానికి లేదు.

పరీక్షల్లో తేలింది చెవి జబ్బు కాదు. తలలో, చెవి వెనకాల గడ్డ. ఆపరేషన్‌కి అందని చోట ఉందన్నారు. చలికాలానికి నాన్న యార్డుకి వెళ్లడం మానేశాడు, ఎండలు ముదిరేసరికి ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు.

ఒక మధ్యాహ్నం మామయ్య పని బట్టలతోనే వార్డుకి వచ్చాడు. నాన్న నిద్రపోతున్నాడు. కాళ్ల దగ్గర స్టూలు మీద కూర్చుని, దుప్పటి మీంచి ఆయన పాదాలు పట్టుకున్నాడు. కాసేపటికి నాన్న కళ్లు తెరిచాడు. చూపు సరిగ్గా ఆనడం లేదప్పటికి.

"ఎవరే?" అన్నాడు నాతో.

"మామయ్య."

నాన్న ముఖం కిటికీవైపు తిప్పుకున్నాడు. తర్వాత, "పని ఎందాకా వచ్చిందో అడుగు" అన్నాడు.

నేను అడగక్కర్లేకపోయింది. మామయ్య చెప్పడం మొదలుపెట్టాడు. పెద్ద దిగుడు ఎప్పుడు పూర్తయిందో, ఎవరు వేలు నలగ్గొట్టుకున్నారో, ఇంజనీరు బండి మీద పిచ్చుక ఎలా గూడు పెట్టిందో, ఏడు నెలల కబుర్లు గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. నాన్న కళ్లు మూసుకుని విన్నాడు. అంతా అయ్యాక మళ్లీ నాతోనే అన్నాడు.

"రెండో మలుపులో చెక్క పచ్చిది. వానకి ఉబ్బుతుంది. అతుకుల దగ్గర గోరుమందం సందు వదలమను."

"వదులుతాను బావా" అన్నాడు మామయ్య.

నాన్న ఆయనవైపు తిరగలేదు. పాదాలు మాత్రం వెనక్కి తీసుకోలేదు. అది క్షమించడమో, ఓపిక లేకపోవడమో నాకు ఇప్పటికీ తెలియదు. వారం తిరక్కుండానే పోయాడు.

రెండు నెలల తర్వాత ఇసుక బస్తాలు కూర్చోబెట్టి కోస్టరుని నడిపి చూశారు. ఆ తర్వాత కట్టినవాళ్లని, వాళ్ల ఇంటివాళ్లని ఎక్కమన్నారు. మామయ్య రానన్నాడు. అమ్మ వెళ్లి ఆయన చెయ్యి పట్టుకుంది. "పద తమ్ముడూ. ఆయన ఏం కట్టాడో నేను చూడొద్దూ?" అంది. పెట్టెలో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. పైనుంచి దూకేటప్పుడు అందరూ కేకలు పెట్టారు. అమ్మ గొంతు కూడా వినిపించింది, కానీ అది కేక కాదు, ఏడుపు. ఆసుపత్రిలో కూడా అంత బిగ్గరగా ఏడవలేదు అమ్మ. దిగాక ఆవిడ జుట్టు సరిచేసుకుంటుంటే మామయ్య చెంపలు తుడుచుకున్నాడు.

జనానికి గేట్లు తెరిచిన వారానికే ఆయన పార్కు మానేశాడు. ఒక స్కూల్లో బల్లలూ తలుపులూ బాగుచేసే పనిలో చేరాడు. కుర్చీ కన్నా ఎత్తయినది ఎక్కడు. ఇంజనీరు వెళ్లిపోయే ముందు, మామయ్య మేస్త్రి పని ఎందుకు ఒప్పుకున్నాడో నాకు చెప్పాడు. అది విన్న మర్నాడే స్కూలుకి వెళ్లాను. మామయ్య నేలమీద కూర్చుని తలుపు చిత్రిక పడుతున్నాడు.

"ఆరోజు కిటికీ దగ్గర అలా అనాల్సింది కాదు మామయ్యా" అన్నాను.

"పోనీలే తల్లీ. నాన్న కోసం అన్నావు."

"నువ్వు చేసిందాంట్లో తప్పు లేదు. చెప్పకపోతే ఆయన పడిపోయేవాడు."

చిత్రిక పక్కన పెట్టాడు. "చెప్పడం తప్పు కాదు. మళ్లీ అదే రోజు వస్తే మళ్లీ చెప్తాను. కానీ ముందు మీ నాన్నతో అనాల్సింది, 'బావా, నేను వెళ్లి చెప్పేస్తున్నాను' అని. కొడితే కొట్టేవాడు. ఆ ధైర్యం లేక ఆయన వెనకనుంచి వెళ్లాను. ఇరవై ఆరేళ్లు నేర్పినవాడు, నలుగురిలో ఇంజనీరు నోట వినాల్సి వచ్చింది."

నేనూ పక్కనే కూర్చున్నాను. బడి గంట కొట్టారు. పిల్లలు బిలబిలమంటూ బయటికొచ్చారు. ఎవరికీ తగలకుండా ఆయన తలుపుని రెండు చేతులా గోడవైపు జరిపాడు.