చేపలకు పెట్టిన దొప్ప

నా చిన్నప్పుడు బస్తరులోని మా కొంటా ఊళ్లో చేపను చూడాలంటే శబరి నది ఒడ్డుకో సంతకో పోవాలి. చేపలు ఇంటి వసారాలో బల్ల మీద కూడా ఉంటాయని, వాటిని కూర వండుకోకుండా పేర్లు పెట్టి పిలుస్తారని మా వీధికి తెలిసింది పక్కింటి అక్క వల్లే. అప్పటికి బస్తరు ఇంకా రాజుగారి సంస్థానం. అక్క భర్త అడవి శాఖలో రేంజరు. ఆమె గోదావరి దిగువన ఎక్కడో పుట్టి పెరిగి, పెళ్లయిన ఏడే మా వీధికి కాపురానికి వచ్చింది.

వస్తూ వస్తూ పుట్టింటి తోట కొలనులోని ఎర్ర చేపలను ఇత్తడి బిందెలో వేసుకుని, పడవలో దారి పొడుగునా ఆ బిందెను ఒళ్లో పెట్టుకుని తెచ్చుకుంది. వాటికోసం రేంజరుగారు కిటికీ అద్దాలతో ఒక తొట్టి చేయించారు. మా వీధి వడ్రంగి పడవలకు పూసినట్టే గుగ్గిలం కాచి అతుకులకు పూశాడు. మొదట్లో కాస్త కారింది గాని తర్వాత నిలిచింది.

అక్కకు ఇక్కడి మాటలు రావు. వీధిలో ఒకరిది దోర్లి, ఒకరిది హల్బీ, కచేరీ వాళ్లది హిందీ. మా తెలుగు కూడా ఆమెకు కొత్తే. మా నాయనమ్మ "ఏంది బిడ్డా" అని పలకరిస్తే కోప్పడుతోందనుకుని బెదిరిపోయేది. పగలంతా తొట్టి ముందే కూర్చునేది. ఆ చేపలను పట్టి ఇచ్చిన తండ్రి ఆ చలికాలంలోనే పోయాడు. అవి చస్తే అలాంటివి మళ్లీ శబరిలో దొరికేవి కావు, దొరికినా ఆయన చేతితో పట్టినవి కావు. ఇదంతా నాకు అప్పుడే తెలుసు, ఎందుకంటే అక్క వీధిలో మాట్లాడిందంటే నాతోనే.

ఎండలు ముదిరాక తల్లిని చూసిరావడానికి భర్తతో కలిసి ఊరికి బయలుదేరింది. నూకలు వేయించి దంచిన పొడి ఒక డబ్బాలో పోసి నా చేతికిచ్చి, "పొద్దున్నే ఒక్క చిటికెడు. చిటికెడంటే నీ వేళ్లతోనే సుమా, మీ నాన్న వేళ్లతో కాదు" అంది. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. బండి ఎక్కుతూ, సాగనంపడానికి వచ్చిన ప్రతివాళ్లకూ నవ్వుతూ చేతులు జోడించి, "మా చేపలను కాస్త కనిపెట్టుకోండి" అని చెప్పి వెళ్లింది.

ఇక్కడ మా వీధి పద్ధతి ఒకటి చెప్పాలి. ఒక ఇంటివాళ్లు ఊరికి పోతే వాళ్ల ఆవునూ కోళ్లనూ వీధి అంతా చూసుకునేది. వంతులు ఉండేవి కావు. ఎవరికి తోచినప్పుడు వాళ్లు ఇంత పెట్టి వచ్చేవాళ్లు, పెట్టామని మాత్రం ఎవరితోనూ చెప్పేవాళ్లు కాదు. పెట్టింది చెప్పుకుంటే పెట్టినట్టు కాదని మా పెద్దలు నమ్మేవాళ్లు. ఆవుకైతే ఆ పద్ధతి చక్కగా సరిపోయేది. కడుపు నిండితే ఆవు మిగిలిన గడ్డిని వదిలేస్తుంది, మర్నాడు దాన్ని ఊడ్చేస్తే సరి. చేపలకూ అదే చాలనుకున్నాం.

నేను రోజూ నా చిటికెడు వేసి, డబ్బా మూత పెట్టి, మా ఇంటికి వచ్చేసేదాన్ని. కొన్నాళ్లకు తొట్టిలో నీళ్లు బియ్యం కడుగులా తెల్లబడ్డాయి. ఆ తర్వాత చేపలు కిందికి దిగడం మానేసి, నీటి పైకంటా వచ్చి నోళ్లు తెరిచి మూయసాగాయి. కచేరీ చప్రాసీ అటుగా పోతూ చూసి, "అరే, ఎంత ఆకలిమీద ఉన్నయో పాపం! ఈ పిల్ల వాటిని ఉపాసం పెడుతోంది" అన్నాడు. నాకు ఏడుపు వచ్చింది. డబ్బా తెచ్చి గుప్పెడు పొడి వేయబోయాను.

వెనక నుంచి నాయనమ్మ నా చేయి పట్టుకుంది. సంతలో కొన్న కొర్రమీనును వండేదాకా కుండలో బతికించుకోవడం ఆమెకు అలవాటు. వంగి ఆ నీళ్లు వాసన చూసింది. "ఆకలి కాదే పిచ్చిదానా, ఆయాసం. నీళ్లు పులిసినయి" అంది. నన్ను మంచినీళ్ల కడవకు పంపి, తాను గరిటె తెచ్చి తొట్టి అడుగున ఉన్నదంతా మెల్లగా తోడి, విస్తళ్లు కుట్టే అడ్డాకు మీద పరిచింది.

మా వీధి వీధంతా ఆ ఆకు మీద ఉంది. నాయనమ్మ పుల్లతో ఒక్కొక్కటీ పక్కకు జరుపుతూ పోయింది. "ఇది చప్రాసీ రొట్టె. ఉపాసమని నిన్ను తిట్టింది వీడే! ఇది మీ అమ్మ అన్నం, మెత్తగా ఉంది చూడు, ఇంకెవరు వండుతరు ఇట్ల? ఇవి చీమ గుడ్లు, దోర్ల పెద్దమ్మ తెచ్చింది. మరి ఇదేంది? ఇప్పపువ్వు! చేపలకు నిషా ఎక్కించాలని చూసిందెవరే?" నేను ఏడుస్తూనే నవ్వాను. వాటిలో ఏ ఒక్కటీ ఎక్కువ కాదు. అందరూ పెట్టింది కొంచెమే. నా చిటికెడు కూడా అందులో ఎక్కడో ఉంది, అంతే.

పాత నీళ్లు సగం తీసి కొత్తవి పోశాం. రెండు రోజులు ఏమీ వేయవద్దంది నాయనమ్మ. ఒక చేప ఆ సాయంత్రమంతా పక్కకు ఒరిగి ఉంది. నేను అన్నం తినలేదు. మర్నాటికి అది నిలబడింది, ఆ తర్వాత మిగతావాటితో కలిసి తిరిగింది.

ఇక ఎవరూ పెట్టొద్దని వీధికి చెప్పేద్దామన్నాను. నాయనమ్మ ఒప్పుకోలేదు. "వద్దంటే పెట్టినవాళ్ల ముఖాన కొట్టినట్టే. రేపు మీ అక్క వసారా ఎవరు ఎక్కుతరు?" అంది. అడ్డాకుతో చిన్న దొప్ప కుట్టి, ఆ రోజుకు సరిపడే పొడి అందులో వేసి, తొట్టి పక్కన పెట్టింది. వచ్చినవాళ్లతో ఒక్కటే మాట చెప్పింది: "అక్క ఇచ్చిపోయిన తిండి ఇదే, వేరేది వేస్తే వాటికి పడదంట." అంతకుమించి ఎవరినీ ఏమీ అడగలేదు.

దొప్పలోది ఎవరు వేసినా చేపలకు అందేది ఆ ఒక్క రోజు తిండే. ముందు వచ్చినవాళ్లు కొంచెం వేసి కొంచెం మిగిల్చేవాళ్లు. చివర వచ్చినవాళ్లకు ఖాళీ దొప్ప కనబడేది. అయ్యో అనుకోకుండా, అయితే తిన్నాయిలే అని కాసేపు చూసి పోయేవాళ్లు. ఎవరు వేశారో ఎవరికీ తెలియదు. వీధి మర్యాదా నిలిచింది, నీళ్లూ తేటగా ఉన్నాయి.

అక్క తిరిగొచ్చిన రోజు కాళ్లు కూడా కడుక్కోకుండా తొట్టి దగ్గరికి పరిగెత్తింది. చేపలన్నీ ఉన్నాయి. పక్కన దొప్పను చూసి ఏమిటని అడిగింది. నాయనమ్మ ఇప్పపువ్వు దగ్గర నుంచి మొదలుపెట్టి అంతా చెప్పింది. అక్క అంతగా నవ్వడం నేను అదివరకు చూడలేదు. ఆ తర్వాత తాను ఇంట్లో ఉన్నా పొద్దున్నే దొప్ప నింపి పెట్టడం మానలేదు. దాని కోసం వచ్చే దోర్ల పెద్దమ్మతో, చప్రాసీ భార్యతో ఒక్కొక్క మాటే కలిపింది. వానలు పడేసరికి నాయనమ్మను తానే ఎదురు పలకరించేది: "ఏంది అవ్వా, ఇయ్యాల ఆలస్యం?"

నేను బడికి పోయినదాన్ని కాదు. కొలతలూ కూడికలూ నాకు నేనుగా నేర్చుకున్నవి. ఇప్పుడు మా చుట్టుపక్కల పెళ్లిళ్లకు ఎంత బియ్యం పోయాలో నన్నే అడుగుతారు. అడిగినప్పుడు నేను ముందు తెలుసుకునేది ఎంతమంది తింటారని కాదు, ఎవరెవరు ఏమేం పంపుతున్నారని. బిడ్డ పుట్టిన ఇంటికి వెళ్లినా, మనిషి పోయిన ఇంటికి వెళ్లినా అంతే. గడపలో ఆగి, అప్పటికే ఎంత చేరిందో ఒకసారి చూస్తాను. తక్కువైంది కనబడితే అది తెస్తాను. చాలాసార్లు నేను పెట్టవలసింది ఏమీ మిగిలి ఉండదు. అప్పుడు ఉత్త చేతులతోనే లోపలికి వెళ్లి, వాళ్ల పక్కన కాసేపు కూర్చుని వస్తాను.