ఇసుకలో దిగిన రెండు చైనా ఆటోలు

కరోనా సర్దుమణిగిన మరుసటి ఎండాకాలంలో నన్ను నెల్లూరు బయట ఉన్న ఒక బ్యాటరీ ఆటోల షెడ్డులో సర్వీసు ఫోర్‌మన్‌గా వేసుకున్నారు. అంతకుముందు నా బతుకంతా డీజిల్ ఆటోల కిందే గడిచింది. ఫోర్‌మన్ అంటే పెద్ద ఉద్యోగమేమీ కాదు. పైన ఓనరు, ఆయన కింద మేనేజరు, ఆ కింద నేను, నా కింద నలుగురు ఫిట్టర్లు. బండి బాగా నడిస్తే పేరు మేనేజరుది, ఆగిపోతే ఫోను నాకు. నాకు అక్షరాలు వచ్చిందే నలభై దాటాక. ఆలస్యంగా నేర్చినవాడికి ఆకలి ఎక్కువ గనక ఆ షెడ్డులో కంటబడిన ప్రతి కాగితమూ కూడబలుక్కుని చదివాను.

మా పని ఏమిటో చెబుతాను. మోటారు, బ్యాటరీ, కంట్రోలరు చైనాలో తయారై పెట్టెల్లో ఓడ మీద వస్తాయి. చట్రం, తొట్టి ఇక్కడివే. అన్నీ కలిపి సామాన్ల ఆటోగా బిగించి అమ్ముతాం. కంట్రోలరు అంటే బ్యాటరీకీ మోటారుకీ మధ్య కూర్చునే డబ్బా. డ్రైవరు యాక్సిలరేటరు తిప్పినంత కరెంటు మోటారుకు వదులుతుంది. మరీ వేడెక్కితే తనంతట తానే ఆపేస్తుంది, చల్లారేదాకా ఎవరి మాటా వినదు.

చైనాలో ఈ సరుకు చేసే కంపెనీలు లెక్కలేనన్ని. ఒకడు ధర తగ్గిస్తే వెంటనే ఇంకొకడు తగ్గిస్తాడు. ఒకడు మోటారు మారిస్తే ఇంకొకడు డబ్బా మారుస్తాడు. ఒకే మోడలు అని పంపిన రెండు పెట్టెలు పక్కపక్కన విప్పితే మొదటి దాని బోల్టు రెండో దానిలో పట్టేది కాదు. మేనేజరు తల పట్టుకునేవాడు. నాకు మాత్రం పెట్టె విప్పే రోజు పండగే. డీజిల్ ఇంజను నా వయసంతా కలిపి ఎంత మారిందో ఆ డబ్బా ఏడాదిలో అంత మారేది.

ఆ పోటీ మా రోడ్డు మీదికీ వచ్చింది. ఎదురుగా ఇంకో షెడ్డు, ఇంకో చైనా కంపెనీ పెట్టెలు. అక్కడి ఫోర్‌మన్ పెంచలయ్య ఒకప్పుడు డీజిల్ షాపులో నా పక్కన పనిచేసినవాడే. వాళ్ళ బండి మాదానికన్నా చవక, కొనేవాళ్ళు అటే పోతున్నారు. మా ఓనరు అందరినీ నిలబెట్టి, ఇప్పుడు పెద్ద ఆర్డరు రాకుంటే షెడ్డును గోడౌనుకు అద్దెకిస్తానని చెప్పేశాడు. నాది దిగిపోయే వయసు. ఫిట్టర్లు నలుగురూ ఉన్న పని వదులుకుని ఈ కొత్త విద్యకు వచ్చినవాళ్ళు.

ఆ ఆర్డరు పోలమ్మ చేతిలో ఉంది. విడవలూరు దాటాక సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో చేపలమ్మే ఆడవాళ్ళ సంఘానికి ఆమె పెద్ద. సంఘానికంతా ఒకే కంపెనీ బ్యాటరీ ఆటోలు కొనాలని అనుకున్నారు. మేనేజరు రంగుల కాగితాలు చూపించబోతే ఆమె చూడకుండా నా వైపు తిరిగింది.

"ఆ బొమ్మలు నాకెందుకు మస్తానన్నా? మీరూ, ఆ ఎదుటి షెడ్డోళ్ళూ ఇద్దురూ బండ్లు తోలకరండి. బుట్టలెత్తుకుని ఇసక దాటి ముందు ఏది తారు రోడ్డెక్కితే అది కొంటాం," అన్నది.

తెల్లారేసరికి రెండు బండ్లూ పడవల దగ్గర నిలబడ్డాయి. బండి ఎంత మోస్తుందని ఆడవాళ్ళు ఎవరూ అడగలేదు. అయిసు, చేపలు, బుట్టలు, వాటి మీద ఇద్దరు మనుషులు. పెంచలయ్య నన్ను చూసి నవ్వాడు.

"ఏమన్నా, మీ చైనావోడు ఇసక చూసినాడా ఎప్పుడైనా?"

"మీవోణ్ణి అడుగు. ఇద్దరిదీ ఒకే దేశం గదరా."

వాళ్ళ బండి ముందు కదిలి, రోడ్డు కనబడేంత దూరం పోయి దిగబడింది. దాన్ని తప్పించబోయి మాదీ దిగింది. అప్పుడు మా డ్రైవరు రమణయ్య మా వైపు డ్రైవర్లందరూ చేసే పనే చేశాడు. డీజిల్ ఆటో ఇసుకలో దిగితే యాక్సిలరేటరు మొత్తం తిప్పి పట్టుకుంటారు, వెనక జనం తోస్తారు. ఇంజను అరుస్తుంది, క్లచ్చి జారుతుంది, బండి బయటపడుతుంది. బ్యాటరీ బండికి క్లచ్చి లేదు. చక్రం తిరగకుండా మోటారు బిగుసుకుంటే ఆ కరెంటంతా వేడి అవుతుంది. మా డబ్బా ఆగిపోయింది. అవతల పెంచలయ్య డబ్బా అంతకు ముందే ఆగింది.

"పెండ్లికొడుకులిద్దురూ అలిగి కూర్చున్నారు మే," అని ఎవరో అంటే ఆడవాళ్ళు పడీపడీ నవ్వారు. పోలమ్మ నవ్వలేదు. అయిసు కరుగుతోంది.

నేను గోనెపట్టాలో అయిసు చుట్టి డబ్బా కింద అదిమాను. "చేపకు పెట్టే అయిసు ఇనుముకు పెడతావా?" అని ఆమె తిట్టింది గానీ ఆపలేదు. డబ్బా చల్లబడి లైటు వెలిగింది. పడవల మీద నుంచి మగవాళ్ళు వచ్చి తొయ్యసాగారు. వాళ్ళకు వల లాగే పద్ధతే వచ్చు. ఒకడు పాట ఎత్తుకుంటాడు, 'ఐలెస్సా' అన్నప్పుడు అందరూ ఒక్కసారి బలం పెడతారు, తర్వాత ఊపిరి తీసుకుంటారు. తోసినప్పుడు చక్రం రవంత కదులుతోంది, ఊపిరి తీసుకునేటప్పుడు నిలబడుతోంది. వేడి పుట్టేది ఆ నిలబడినప్పుడే.

"ఒరే రమణయ్యా, పాటతో తిప్పు. వాళ్ళు ఆగితే నువ్వూ వదిలెయ్," అన్నాను.

"ఇదేమన్నా భజనా మామా?"

"భజనే అనుకో. తిప్పు."

ఐలెస్సాకు తిప్పాడు, వదిలాడు. బండి జానెడు కదిలింది. ఇంకో పాటకు మూరెడు. నా గుండె ఆ పాటతోనే కొట్టుకుంది. నాలుగు పట్లు పట్టేసరికి చక్రం గట్టి నేల అందుకుంది, బండి తనంతట తాను ఉరికి తారు రోడ్డెక్కింది. ఫిట్టర్లు నలుగురూ దాని వెనకే పరుగెత్తారు.

పోలమ్మ మాకు తల ఊపి, తోసినవాళ్ళ వైపు తిరిగింది. "పెంచలయ్యదీ తొయ్యండిరా, ఆ బుట్టలూ మనవే." వాళ్ళ డబ్బా చల్లారాక వాళ్ళ డ్రైవరూ ఆ పాటతోనే తిప్పి బయటపడ్డాడు. ఆర్డరు మాత్రం మాకే వచ్చింది.

అసలు సంగతి తర్వాత జరిగింది. ఆ డబ్బాలు వాటి నడక లెక్క ఫోను సిగ్నలు మీద చైనాలోని ఫ్యాక్టరీకి పంపుతాయి. అక్కడి ఇంజనీరొకాయన వీడియో కాల్ చేసి, ఫోనులో తర్జుమా పెట్టుకుని, కరెంటు అలల మాదిరి లేచి పడిందేమని అడిగాడు. నేను పాట పాడి చేత్తో చూపించాను. ఆయన నవ్వలేదు, మళ్ళీ పాడమన్నాడు. ఆర్డరు బండ్లకు వచ్చిన పెట్టెల్లో ఒక కొత్త మీట ఉంది. అది నొక్కితే, చక్రం బిగుసుకున్నప్పుడు డబ్బాయే కరెంటు ఇచ్చి వదిలి, ఇచ్చి వదిలి చేస్తుంది. ఆ మీట నొక్కిన రోజు నేను షెడ్డులో చిన్నపిల్లాడి మాదిరి గంతులేశాను.

మరుసటి పెట్టెలు దిగాయో లేదో పెంచలయ్య ఫోను చేశాడు. "అన్నా, మా డబ్బాలోనూ వచ్చినాది ఆ మీట. ధర గూడ తగ్గించినారు."

వాళ్ళ డబ్బా కూడా ఆ పొద్దున అదే ఇసుకలో, అదే పాటకు కదిలింది మరి. దాని లెక్క కూడా వాళ్ళ ఫ్యాక్టరీకి పోయింది.

మా షెడ్డు నిలబడింది, ఫిట్టర్లు ఇప్పటికీ అక్కడే ఉన్నారు. నాకు అర్థమైంది ఇదీ. ఈ పనిలో ముందుండటం అనేది తర్వాతి పెట్టె దిగేదాకానే. మన నేల మీద బండి పడే కష్టం చెబితే చైనావాళ్ళు చిటికెలో మార్చి పంపుతారు, చెప్పకపోయినా డబ్బా చెబుతుంది, ఎదుటివాడికీ అదే అందుతుంది. కాబట్టి గెలిచిన బండిని చూసి మురుస్తూ కూర్చునేవాడు ఫోర్‌మన్ పనికి పనికిరాడు. నేను రిటైరయ్యేదాకా కొత్త పెట్టె ఏది వచ్చినా ముందు ఇసుకలో దించి, అది ఎక్కడ ఆగుతుందో చూశాకే అమ్మనిచ్చాను.