మా ఖర్చు పోలీసులు

మా సాలెవీధిలో ఇప్పటికీ నా చేతికి ఎవరూ కలం ఇవ్వరు. శుభలేఖ మీద పేరు రాయమని కూడా అడగరు. నలభయ్యేళ్ళ కిందట నేను రాసిన ఒక్క అర్జీ అందుకు కారణం. వీధి వీధంతా మునిగిన ఆ కథ చెబుతాను, కావలసినంత నవ్వుకోండి. అయితే ముందే ఒక మాట. అప్పుడు నా తెలివి తప్పేమో గాని, నా కోపం తప్పు కాదు. ఆ మాట మీద ఇవాళ్టికీ నిలబడే ఉన్నాను.

మాది నగరి పక్క ఊరు. నలభై రెండులో దేశమంతా అట్టుడికిపోతున్నప్పుడు మా ఊరి దగ్గర రైలుకట్ట పక్కన ఎవరో తంతితీగలు తెంచేశారు. ఎవరో సర్కారుకు తెలియలేదు. తెలియనప్పుడు ఏం చేయాలి? ఊరుకోవాలి. తెల్లదొరల సర్కారు ఊరుకోలేదు. మా వీధికి ఆరుగురు పోలీసులను ఆరు నెలలు కాపలా పెట్టి, వాళ్ళ ఖర్చంతా మా వీధే భరించాలని దండోరా వేయించింది. జీతం, బత్తా, దీపానికి కిరసనాయిలు, చివరికి బెల్టు బిళ్ళకు రుద్దే పాలీషు కూడా ఇంటింటికీ పంచి పన్ను వేశారు.

మునసబు ఇంటింటికీ తిరిగి ఆ కాగితం చదివాడు. మా ఇంట్లో చదివినప్పుడు నాయన మగ్గం గుంటలోంచి తలెత్తి అడిగాడు.

"కొట్టేవానికి కూలి గూడా మనమే ఇయ్యాల్నా అప్పా?"

"రూలు అట్లుండాదప్పా. నన్నేం జేయమంటావు," అన్నాడు మునసబు.

యుద్ధం రోజులు. నూలు దొరకదు. మగ్గం వారానికి మూడు రోజులు ఆడితే గొప్ప. నాయన రెండు వాయిదాలు కట్టి, మూడోది కట్టలేకపోయాడు. అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న రాగి గంగాళాన్ని మునసబు జప్తు చేసి తన వసారాలో పెట్టుకున్నాడు. మరీ చెడ్డవాడు కాదు. "పోలీసులు పొయ్యే లోపల బాకీ కట్టేయ్. ఏలం ఎయ్యకుండా ఇచ్చేస్తా," అని మాట ఇచ్చాడు. అమ్మ మట్టికుండలో నీళ్ళు కాచుకుంటూ, వాళ్ళు పోయే రోజు కోసం ఎదురుచూడసాగింది.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. హైస్కూలు గడప తొక్కి, దాటకుండా వెనక్కి వచ్చినవాణ్ణి. ఏ చెట్టూ లేని మా వీధిలో నేనే ఆముదం చెట్టును. పన్ను రసీదు చూసీ చూసీ నాకొక తర్కం తట్టింది. కూలి ఇచ్చేవాడు యజమాని. పోలీసులకు కూలి ఇచ్చేది మేము. కాబట్టి పోలీసులు మా కూలివాళ్ళు. ఇందులో తప్పేముందో మీరే చెప్పండి.

నేరుగా వెళ్ళి హెడ్డు కానిస్టేబులు నాదమునిని పట్టుకున్నాను. పెద్ద మీసం మనిషి. తీగలు తెంచేవాళ్ళెవరూ మళ్ళీ రాకపోయేసరికి నెలల తరబడి అరుగు మీద కునికేవాడు.

"హెడ్డుగారూ, మా కోడి కనబళ్ళేదు."

"అయితే నేనేం జేసేది?"

"ఎతికి పెట్టండి. మీ జీతంలో మా ఇంటి వాయిదాలు రెండుండాయి."

"లాకప్పులో ఏస్తా సూడు."

"ఎయ్యండి. ఆడ తిండి ఖర్చు గూడా మా వీధి మీదనే రాస్తారు. మా తిండే గదా, తింటా."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. కొట్టాలో నవ్వాలో తేలక, టోపీ పెట్టుకుని కోడి కోసం బయలుదేరాడు. కోడి దొరికింది. దాంతో వీధికి ధైర్యం వచ్చింది. వారం తిరిగేసరికి, పొద్దున్నే వీధిలో పడుగు సాచి గంజి పెట్టేటప్పుడు ఆ కొస ఇద్దరు, ఈ కొస ఇద్దరు పోలీసులు పట్టుకుని నిలబడ్డారు. మిగతా ఇద్దరూ ముసలమ్మల పక్కన కూర్చుని నూలు కండెలు చుట్టారు. పాపం, వాళ్ళకూ పొద్దుపోవాలి కదా.

అక్కడితో ఆగితే నేను వీరుణ్ణి. ఆగలేదు. గడువు ఇంకా పదిహేను రోజులుందనగా, సర్కారుకు సిగ్గు తెప్పించాలనే దురద పుట్టింది. వెటకారంగా ఒక అర్జీ రాశాను.

"ఘనత వహించిన సర్కారు వారి సముఖమునకు. తమరు దయతో పంపిన పోలీసులు మా పడుగులు పట్టుచున్నారు. కండెలు చుట్టుచున్నారు. కోళ్ళను వెదకుచున్నారు. ఇంత సుఖము మా వీధి ఎన్నడూ ఎరుగదు. వీరు వెళ్ళిపోయినచో మేమెట్లు బ్రతుకుదుమో తెలియకున్నది."

చదివి వినిపిస్తే వీధంతా పడీపడీ నవ్వింది. నవ్వుతూనే వేలిముద్రలు వేసింది. నాయన ఒక్కడే నవ్వలేదు.

"రేయ్, పొయ్యేవాళ్ళు పోతాండారు. ఊరకుండరా."

"సిగ్గుతో సస్తారు సూడు నాయనా."

"సిగ్గుండేవాళ్ళయితే మీయమ్మ గంగాళం ఎత్తుకపోతారా?"

ఆ ప్రశ్నకు జవాబు ఆలోచించకుండానే అర్జీని టపాలో వేశాను.

పన్నెండో రోజు మునసబు వచ్చి, వీధి మధ్య నిలబడి మరో కాగితం చదివాడు. "వీధివారి అర్జీని సర్కారువారు మిక్కిలి సంతోషముతో స్వీకరించి, వారి కోరిక ప్రకారము పోలీసులను మరి మూడు నెలలు, అదే పన్ను మీద పొడిగించిరి."

వెటకారం ఆఫీసు మెట్లు ఎక్కలేదని నాకు అప్పుడు తెలిసింది. దారిన పోయే శనేశ్వరాన్ని ఇంటికి పిలిచినవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు. మూటాముల్లె సర్దుకుని బయలుదేరిన శనేశ్వరాన్ని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టినవాణ్ణి నేనొక్కణ్ణే. వీధంతా నా వైపు తిరిగి చూసింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మునసబు నాయనతో మెల్లగా అన్నాడు. "గంగాళం ఇంక ఆపలేనప్పా. కొత్త బాకీ గూడా సేరిపాయె. సోమవారం ఏలం."

అమ్మ తిట్టి ఉంటే బాగుండేది. లోపలికి వెళ్ళి మట్టికుండ కింద మంట సర్దుకుంది.

సోమవారం వీధంతా వేలానికి వచ్చింది. మునసబు ఎన్నిసార్లు అడిగినా ఒక్కరూ పాట పాడలేదు. నా మీద ఎంత మంటగా ఉన్నా, అమ్మ గంగాళాన్ని కొనే చెయ్యి మా వీధిలో లేదు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది. ఆఖరుకు వెనక నుంచి ఒక్క గొంతు పాడింది. నాదముని హెడ్డు. పాట కొట్టేసి, గంగాళం భుజాన పెట్టుకుని తిన్నగా మా ఇంటికి వచ్చాడు.

"తీసుకోమ్మా. మీ దుడ్డే గదా."

చూడండి మరి. మా పన్ను ఆయన జీతమైంది. ఆ జీతం మా గంగాళాన్ని కొంది. ఆ గంగాళం ధర మళ్ళీ ఆయన జీతానికే జమ అయింది. ఇంత పొందికైన బడ్జెట్ ఏ మంత్రీ వేసి ఎరుగడు. నాకు కళ్ళు చెమర్చాయి. నాయన చేతులు జోడించబోయాడు. అమ్మ జోడించలేదు.

"ఆడ పెట్టప్పా. కాళీది పెట్టిపోతే ఎట్లా? బావికాడికి పొయ్యి నీళ్ళు నింపు. ఇంకా మూడు నెల్లుంటారంట గదా."

ఆయన నింపాడు. మూడు నెలలూ, రోజూ నింపాడు. నా తర్కం నా నోట్లో కంటే అమ్మ నోట్లోనే బాగా పనిచేసింది.

ఆ గంగాళం మీద చెయ్యి పెట్టి నేనొక ఒట్టు వేసుకున్నాను. ఏ సర్కారునూ, వెటకారానికి కూడా, కాగితం మీద పొగడకూడదని. తర్వాత మన సర్కారే వచ్చింది. "ఇప్పుడు మనోళ్ళే గదప్పా, ఒక మంచి మాట రాయరాదా," అని, వీధిలో ఎవరూ అడగకపోయినా, మునసబే వచ్చి అడిగాడు. రాయలేదు. నచ్చినా రాయను. ఎన్నాళ్ళు పొడిగిస్తారో ఎవరికి తెలుసు.